మూతలోని బెజ్జము

మన పత్రికలో బడులను గూర్చియు, సంఘపు సభలను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ వారము ఒక మూతను గూర్చి వ్రాయుచున్నాము. పాఠకులు నవ్వవచ్చును. అయినను ఆ మూత మూలమున ఒక కుటుంబము విత్తనపు పదునును పోగొట్టుకొన్నది. అందులో మా తప్పును కలదు గనుక మేమే వ్రాయుట న్యాయము.

మిట్టేమరి చుట్టుప్రక్కల చేలు చాలవరకు వానను నమ్ముకొన్న ఎర్రనేలలు. వాన వెలిసిన తరువాత వేరుసెనగయో రాగియో విత్తుటకు పదును రెండు మూడు దినములకు మించి నిలువదు. కొన్ని యేండ్ల క్రిందట అట్టి పదునులో ఒక రైతు మా అంగడికి వచ్చి, ట్రాక్టరు డీజిలు ట్యాంకు మూత దారిలో ఎక్కడో పడిపోయినదని, వేరొకటి ఇమ్మని అడిగెను. ఆ బండి అసలు మూత మా వద్ద లేదు. నోటికి సరిపోవు మరియొక మూతను ఇచ్చితిమి. గట్టిగా బిగిసినది. ఆయనయు సంతోషించెను, మేమును సంతోషించితిమి.

మరునాడు బండి అరగంట దున్నును, నీరసించును, ఆగును. కొంతసేపు విడిచిపెట్టిన మరల పలుకును. మెకానిక్కు వచ్చి ఫిల్టరు మార్చెను. గొట్టములలోని గాలి తీసెను. తుదకు పంపు చెడినదనెను. రెండవనాటి సాయంకాలము వయసు మళ్లిన డ్రైవరొకాయన వచ్చి, మరి దేనిని ముట్టక, ట్యాంకు మూతను కొంచెము వదులు చేసెను. బుస్సుమని గాలి లోపలికి పోయినది. ఇంజను పలికినది, మరల ఆగలేదు. కాని అప్పటికి నేల ఆరిపోయినది. ఆ రైతు మూతను తెచ్చి మా గల్లాపెట్టె మీద ఉంచి, “దీనికి బెజ్జం యాడుందో చూపించన్నా” అని మాత్రము అడిగెను. మా వద్ద జవాబు లేకపోయెను.

ఇందులోని సూత్రము అంగడివానికి తెలియనిది కాదు. నూనె డబ్బాకు ఒక్క బెజ్జమే పొడిచిన నూనె గుడగుడమని తడబడుచు వచ్చును. ఎదుటి మూలను రెండవ బెజ్జము పొడిచిన ధారగా వచ్చును. ఇంజనుకు ఇంధనము పోయినంత మేర ట్యాంకులోనికి గాలి రావలయును. రాకున్న లోపల గాలి పలుచబడి, ఇంధనమును వెనుకకు పట్టి లాగును. పంపు ఎంత గుంజినను చాలినంత రాదు. ఎండవేళ దీనికి తిరుగుడు. పది డిగ్రీల వేడి పెరిగిన పెట్రోలు ఇంచుమించు నూటికి ఒక వంతు ఉబ్బును. దాని ఆవిరి ఇంకను బలముగా ఒత్తును. అది వెలికి పోవుటకు దారి లేనియెడల అతుకులను వెదకికొనును. కావున ఆ బెజ్జము లోనికి ఊపిరి, వెలికి ఊపిరి. కొన్ని యంత్రములకు అది మూతలోనే యుండును. కొన్నింటికి వేరు గొట్టముగా నుండును.

సంఘపు పని మీద విశాఖపట్టణమునకు పోయినపుడు రేవులో పడవలను చూచుచు ఈ సంగతిని మరల తలచుకొంటిమి. మన చేనిలో ఆగిన బండి ఆగిన చోటనే యుండును. సముద్రములో ఆగిన పడవ ఆగిన చోట ఉండదు. గాలియు నీరును ఎటు తోసిన అటు పోవును. వెలుపల తగిలించు మోటారుతో నడుచు చిన్న పడవలలో ఇంధనము విడి డబ్బాలో నుండుట కలదు. అట్టి డబ్బా మూతపై ఒక చిన్న మర యుండును. మోయునపుడు దానిని మూయవలయును, నడుపునపుడు తెరువవలయును. తెరువ మరచినను మోటారు వెంటనే ఆగదు. అదియే మోసము. ఒడ్డు విడిచి పోవునంతవరకు నడిచి, అలలు విరుగు చోట ఆగిపోవచ్చును.

ట్యాంకు పడవ కడుపులోనే అమర్చిన చోట గాలి గొట్టమును పడవ వెలుపలికి తీయవలయును. ఆవిరి లోపల విడిచినచో, పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు గనుక అడుగున చేరి నిప్పురవ్వ కొఱకు కాచుకొని యుండును. గొట్టపు కొనను పైకి తీసి క్రిందికి వంచుదురు, నీరు జొరబడకుండుటకు. నిప్పు లోపలికి పాకకుండ సన్నని తీగవల పెట్టుదురు. ఇంత చేసినను ఉప్పు పేరుకొనును. రంగు వేయువాడు దానిమీదను ఒక పూత పూయును. గొట్టము నడుమ వ్రేలాడి పల్లమైన అందులో నీరు నిలిచి దారి మూసికొనును.

పురుగులను తక్కువగా ఎంచరాదు. 2011లో జపాను దేశపు మాజ్డా సంస్థ అమెరికా ఖండములో అమ్మిన కార్లలో దాదాపు 65,000 బండ్లను మరమ్మతుకు వెనుకకు పిలిచినది. కారణము ఒక సాలీడు. ఇంధనపు వాసనకు వచ్చి గాలి గొట్టములో గూడు అల్లుటచే, ట్యాంకు లోనికి నొక్కుకొని బీటలు పడు ప్రమాదము కలిగినది. 2014లో మరల 42,000 బండ్లను పిలువవలసి వచ్చినది. అంత పెద్ద సంస్థకే సాలీటితో ఇన్ని తిప్పలైనపుడు, మట్టి గూళ్లు కట్టు కందిరీగలు మన కొట్టములలో ఊరక నుండునా?

యంత్రముతో వచ్చు పుస్తకమును మన ఇండ్లలో ఎవరును విప్పరు. కొందరికి ఆ భాష రాదు, కొందరికి ఓపిక లేదు. కావున మూత పోయిన వెంటనే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు వేయుదురు. గాలి ఆడదు, ఆడినచో దుమ్ము జొచ్చును. మరికొందరు మేకుతో పెద్ద బెజ్జము పొడువుమందురు. మేము దీనిని ఒప్పుకొనము. కొత్త మూతలో గాలికి వంకర దారి యుండుట ఊరక కాదు; మేకు బెజ్జము గుండ వాన నీరు సూటిగా డీజిలులో పడును. పెట్రోలు ట్యాంకు మీద ఇనుముతో ఇనుమును పొడుచుట ఇంకను తగదు. మూతను ఊడదీసి, దూరముగా కొనిపోయి, కొంచెము డీజిలులో నానబెట్టి, మెత్తని కుచ్చుతో తుడిచి, లోపలి ప్రక్కనుండి నోటితో ఊది చూచిన చాలును. ట్యాంకులోనికి మాత్రము కంప్రెసరు గాలి పెట్టరాదు. పొట్ట ఉబ్బి చీలిపోవును. ఇంజను ఆగి ఆగి నడిచినపుడు, పంపునకు వెల కట్టించుటకు మునుపు మూతను ఒకమారు వదులు చేసి చూడుడు. ఆ పనికి ఎవరికిని కూలి ఇయ్యనక్కరలేదు. మెకానిక్కు మిత్రులు మామీద కోపగింపకుందురు గాక.

అసలు నింద మాత్రము అంగడివారిదే యని మా అభిప్రాయము. కొనువాడు పదును పోవుచున్నదని ఆత్రములో నుండును. బెజ్జము ఉన్నదా లేదా యని చూచు తీరిక అతనికి లేదు. చూడవలసినది అమ్మువాడు. నోటికి పట్టినదెల్ల మూత కాదు. ఏ బండికని అడిగి, ఊది చూచి ఇయ్యవలయును. లేనియెడల లేదని చెప్పి బాగేపల్లికో చింతామణికో పంపవలయును. ఒక బేరము పోవును, పోనిండు.

ఆ దినము తరువాత మా అంగడిలోని బెజ్జము లేని మూతలను ఏరి వేరు డబ్బాలో వేసితిమి. మా వద్ద అట్టివి కొన్నవారు ఎవరైనను ఉన్నచో, ఎన్నేండ్లదైనను సరే, తెచ్చి యిచ్చి సరియైనది కొనిపోవచ్చును. వెల అడుగము. విత్తనాలకు ముందే తెచ్చిన మేలు.