తండ్రి పేరు అడిగేవాళ్లకు తల్లి కనపడదా?

రుద్రవరం చుట్టుపక్కల మాల మాదిగ వాడల్లో మొగుడి తోడు లేకుండా బిడ్డల్ని సాకుతున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు. తాళి కట్టకుండా ఒకే కొట్టంలో కలిసి బతికే జంటలూ ఉన్నాయి. ఊరు వేలెత్తి చూపినా వాడ వీళ్లను వదిలెయ్యలేదు. జేజి బిడ్డను చూసుకుంటే తల్లి కూలికి పోయింది. మేనమామ బడిలో చేర్పించినాడు. ఇది మన మంచితనమే. కానీ దాన్ని చెప్పుకొని చంకలు గుద్దుకుంటే చాలదంటున్నాం.

కర్నూలు, అనంతపురం వైపు దళిత ఆడబిడ్డను బసివిని చేసి దేవుడి పేర వదిలినప్పుడు ఆమె పుట్టింట్లోనే ఉండి బిడ్డల్ని కనేది. ఆనాడు తండ్రి ఎవరని ఏ పెద్దమనిషీ అడగలేదు. అడిగితే ఎవరి పేరు బయటికొస్తాదో వాళ్లకు తెలుసు! 1988 చట్టం ఆ ఆచారాన్ని నేరమన్నది. ఈనాడు ఒక ఆడమనిషి తన ఇష్టంతో ఒకణ్ణి నమ్మితే మాత్రం నీతి గుర్తొస్తోంది. నమ్మించి పోయినోడికి లేని సిగ్గు ఆమెకెందుకు?

మన ఇండ్లలోపలి మాట కూడా చెప్పుకోవాల. తమ్ముడింట్లో ఆమె గొడ్లు చూస్తాది, నీళ్లు మోస్తాది, కూలి దుడ్లు చేతికిస్తాది. జేజి కన్నుమూసినాక 'నీ దోవ నువ్వు చూసుకో' అంటారు. ఆమె తిన్న బువ్వ ధర్మం కాదు, ఆమె కష్టం. కలిసి బతుకుతున్న ఇంటి కాగితాల్లో పేరు లేకపోయినా అక్కడ ఉండే హక్కు ఆమెకుందని 2005 గృహహింస చట్టం 17వ సెక్షను చెబుతోంది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఇంట్లో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది.

బిడ్డ సంగతి. తండ్రి పేరు లేదని ఆఫీసులో వెనక్కి పంపితే తలొంచుకొని రావద్దు. పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చనీ, ఆమె ప్రమాణపత్రం ఇస్తే జనన సర్టిఫికెట్టు ఇవ్వాలనీ 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తండ్రి పైకులమోడైనా, బిడ్డ తల్లి కులంలో పెరిగి ఆ అవమానాలే పడితే తల్లి కులం దక్కుతాదని 2012 తీర్పు. పెళ్లి జరగలేదనే సాకుతో కన్నతండ్రి బిడ్డ భరణం ఎగ్గొట్టలేడు.

ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్లు కలిసి బతకడం నేరం కాదని 2010లోనే సుప్రీంకోర్టు అన్నది. అయినా పంచాయితీ పెట్టి తప్పు కట్టించే పెద్దలు మన వాడల్లోనూ ఉన్నారు. సంఘం ముందు వాళ్లనే నిలదియ్యాల. ఇంటిస్థలం పట్టా ఆమె పేర రావాల. ఆమె కూలి ఆమె చేతిలోనే ఉండాల. అంబేడ్కర్ ఆడవాళ్ల హక్కుల బిల్లు ముందుకు సాగనియ్యలేదని 1951లో మంత్రి పదవినే వదులుకున్నాడు. మనం ఒక పట్టా కాగితం కోసం ఆఫీసు మెట్లెక్కలేమా?