విమానం ఏ గూటి పక్షి?

ఈ శీర్షికను చూచి విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చు. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి కళాశాలకు వచ్చేవారికి సొంత విమానాల పన్నుతో ఏమి పని అని అడుగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఒక్క మాట మనవి చేస్తాము. మన వీధి చివరి కిరాణా దుకాణంలో కొనే సబ్బుబిళ్ల ధరలో పన్ను కలిసే ఉంటుంది. దానిని తప్పించుకొనే దారి మనకు లేదు. అటువంటి దారి ఒకటి ఉంటుందన్న ఊహ కూడ మనకు రాదు. కోటి డాలర్ల విమానం కొనే మనిషికి ఆ దారి ఉన్నదా? ఉంటే దానిని వేసినవారెవరు? ఆ దారి ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నది? ఈ మూడు ప్రశ్నలే మా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నవి.

సమాధానం వెదకడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు పోక తప్పదు. సొంత విమానాలు మరే దేశంలోనూ లేనంతగా అక్కడ ఉన్నాయి. పైగా ఆ దేశంలో జాతీయ స్థాయిలో అమ్మకం పన్ను లేనే లేదు. ఎవరి రాష్ట్రం వారిది, ఎవరి రేటు వారిది. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఆరెగాన్ అనే అయిదు రాష్ట్రాలలో రాష్ట్ర ప్రభుత్వపు అమ్మకం పన్ను అసలే లేదు. ఇటువంటి అయిదు ఇళ్లు తలుపులు తెరచి ఉంచితే, పక్కింటివాడు తన తలుపుకు ఎంత పెద్ద తాళం వేసి మాత్రం ఏమి లాభం?

ఈ చిక్కు విమానాలతో మొదలు కాలేదు. 1930 తరువాతి ఆర్థిక మాంద్యపు రోజులలో ఖజానాలు ఖాళీ అయిన రాష్ట్రాలు ఒకటొకటిగా అమ్మకం పన్నును ఆశ్రయించాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1935లో 2 శాతం పన్ను విధించింది. కొలంబియా నదికి ఉత్తరపు గట్టు వాషింగ్టన్, దక్షిణపు గట్టు ఆరెగాన్. నది దాటి సరుకు కొంటే పన్ను లేదు. అప్పుడు ఏ దుకాణదారు ఊరుకొంటాడు? ఆ రాష్ట్ర శాసనకర్తలు అందుకొక ఉపాయం ఆలోచించారు. తమ సరిహద్దుకు ఆవల జరిగిన అమ్మకం మీద పన్ను వేసే అధికారం వారికి లేదు. కాని అలా కొన్న వస్తువును తమ గడ్డ మీదికి తెచ్చి వాడితే, ఆ వాడకం మీద పన్ను వేయవచ్చును కదా! అదే రేటు, వేరే రాష్ట్రంలో ఇదివరకే పన్ను కట్టి ఉంటే అంత మేరకు తగ్గింపు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు ఇందులో నచ్చినది ఒకటున్నది. శాసనం చేసిన పనల్లా ఒక క్రియాపదాన్ని మార్చడమే. ‘కొనుట’ ఉన్న చోట ‘వాడుట’ అని వ్రాసింది.

కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ ఆనకట్టను కడుతున్న సైలస్ మేసన్ కంపెనీ మొదలైన గుత్తేదారులు పరరాష్ట్రాల నుండి తెచ్చుకొన్న యంత్రాల మీద ఈ పన్ను చెల్లదని కోర్టుకెక్కారు. 1937లో అమెరికా సుప్రీంకోర్టు, జస్టిస్ కార్డోజో వ్రాసిన తీర్పులో, ఆ పన్ను చెల్లుతుందని చెప్పింది. ఇంట కొన్నవానికీ బయట కొన్నవానికీ భారం సమానమైనప్పుడు, పరాయివాని మీద వివక్ష ఎక్కడిదన్నది ఆ తీర్పు సారాంశం. నేటికీ ఆ దేశపు వాడకం పన్నుకు పునాదిరాయి అదే.

ఇది మనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. నిజాము కాలపు కరోడ్‌గిరి నాకాల కథలు తెలంగాణ పల్లెలలో ముసలివారి నోట విన్నవారు మనలో ఉన్నారు. అంత వెనుకకు పోనక్కర లేదు. పన్ను తక్కువని పాండిచ్చేరిలో కారు కొని, అక్కడి నంబరుతోనే హైదరాబాదు వీధులలో తిరిగినవారిని మనమెరుగుదుము. పరరాష్ట్రాల నుండి తెచ్చే మోటారు వాహనాల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996లో ప్రవేశపు పన్ను చట్టం తెచ్చింది. పేరు వేరైనా అది కొలంబియా గట్టున పుట్టిన ఆలోచనకు పినతండ్రి బిడ్డే.

ఇక విమానం సంగతి. కారుకు చెక్‌పోస్టు ఉంటుంది, పడవకు రేవు ఉంటుంది. ఒక చిన్న జెట్ విమానం ఉదయం బయలుదేరి సాయంత్రానికి అయిదు రాష్ట్రాలలో దిగి లేవగలదు. అమ్మకం ఎక్కడ జరిగిందన్న ప్రశ్నకు సాధారణంగా వస్తువును ఎక్కడ అప్పగించారన్నదే జవాబు. కనుక కొనేవాడు ఒక రాష్ట్రంలో, అమ్మేవాడు మరొక రాష్ట్రంలో ఉన్నా, పైలటు విమానాన్ని పన్ను లేని ఆరెగాన్‌కో మోంటానాకో తీసుకొనిపోయి అక్కడ తాళాలు అందజేస్తాడు. కాగితాల మీద సంతకాలవుతాయి. అమ్మకం పన్ను సున్న. అంతటితో కథ ముగిసిందని సంతోషించే యజమానులు ఎందరో ఉన్నారు.

కథ అక్కడ ముగియదు. విమానం ఎంత తిరిగినా రాత్రికి ఎక్కడో ఒక షెడ్డులో నిలవాలి. ఆ షెడ్డు ఉన్న రాష్ట్రం వాడకం పన్ను అడుగుతుంది. విమానాల రిజిస్టరు దేశమంతటికీ ఒక్కటే. ఓక్లహామా నగరంలో ఉన్న కేంద్ర విమానయాన శాఖ దానిని నిర్వహిస్తుంది. తోక మీది నంబరును బట్టి యజమాని పేరూ చిరునామా ఎవరైనా చూడగల ఏర్పాటు దశాబ్దాల పాటు సాగింది. (2024 చట్టం తరువాత, తమ వివరాలను ప్రజలకు చూపవద్దని యజమానులు కోరుకొనే వీలు వచ్చింది.) రాష్ట్రాల పన్నుల అధికారులు ఆ రిజిస్టరును తిరగవేస్తూనే ఉంటారు. రెండు మూడేండ్లు గడచిన తరువాత నోటీసు వస్తుంది. పన్నుతో పాటు వడ్డీ, జరిమానా తోడుగా వస్తాయి. అప్పటికి ఆ సొమ్ము వ్యాపారంలో ఎక్కడో కరిగిపోయి ఉంటుంది.

ఇందులో చిన్న వ్యాపారి పడే అవస్థను మేము తేలికగా తీసివేయము. వ్యవసాయ యంత్రాలు అమ్మే ఒకాయన నాలుగు పట్టణాలలో దుకాణాలు నడపడానికి 20 లక్షల డాలర్ల విమానం కొన్నాడనుకొందాము. 6 శాతం చొప్పున పన్ను 1 లక్షా 20 వేల డాలర్లు. ఒక్కసారిగా అంత కట్టలేక పన్నుల సలహాదారు దగ్గరకు పోతాడు. ఆయన, ‘విమానాన్ని వేరొక కంపెనీ పేరిట కొని, నీ వ్యాపారానికి అద్దెకిప్పించు, అద్దెకివ్వడానికే కొన్నది గనుక కొనుగోలు మీద పన్ను ఉండదు, నెలనెలా అద్దె మీద కొద్దికొద్దిగా కట్టవచ్చు’ అంటాడు. చాలా రాష్ట్రాలలో ఈ మాట చెల్లుతుంది. అయితే ఆ కొత్త కంపెనీ విమానంతో పాటు పైలటును కూడ తానే పెట్టి, డబ్బు పుచ్చుకొని యజమానిని తిప్పిందా, కేంద్ర విమానయాన శాఖ మరొక మాట అంటుంది: విమానం నడపడం తప్ప వేరే పని లేని కంపెనీ సొమ్ము తీసుకొని మనుషులను మోస్తున్నదంటే అది విమాన సర్వీసే, దానికి లైసెన్సు ఏదీ? పన్నుల శాఖను మెప్పించిన కాగితమే విమానయాన శాఖ ముందు నేరపత్రమవుతుంది. ఒకవేళ ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సైతం ఆ కాగితాన్నే పట్టుకొంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లు!

మన ఉర్దూ విభాగపు సోదరులు ఇటువంటి ఏర్పాటుకు చక్కని మాట వాడుతారు: హీలా. జకాత్ ఎగవేయడానికి సంవత్సరం నిండే ముందు సొమ్మును భార్య పేరిట మార్చి, ఆమెకు సంవత్సరం నిండే ముందు తిరిగి తన పేరిటికి తెచ్చుకొనే పద్ధతి పాత గ్రంథాలలో చర్చకు వచ్చినదే. ఇమాం బుఖారీ తన హదీసు సంకలనంలో ఈ హీలాల కోసం ఒక ప్రకరణాన్నే కేటాయించారు. అది సంకల్పాన్ని గురించిన హదీసుతో మొదలవుతుంది. అక్షరం నెరవేరిందా అని కాక, ఏ ఉద్దేశంతో చేశావని అడగడమే అక్కడి పద్ధతి. చిత్రమేమంటే, కాలిఫోర్నియా పన్నుల చట్టం కూడ దాదాపు అదే ప్రశ్న అడుగుతుంది. రాష్ట్ర నివాసి బయట విమానం కొని 12 నెలలలోపు లోపలికి తెస్తే, ఇక్కడ వాడుకొనడానికే కొన్నాడని చట్టం అనుకొంటుంది. కాదని నిరూపించే భారం అతనిదే. లాగ్ పుస్తకం, పెట్రోలు రసీదులు, షెడ్డు అద్దె చీటీలు అన్నీ సాక్ష్యానికి రావలసిందే.

ఇంతవరకు మేము చెప్పినది యజమానుల హీలా. మా అసలు అభ్యంతరం ప్రభుత్వాలే చేసే హీలా మీద. దక్షిణ కారోలినాలో సాధారణ అమ్మకం పన్ను 6 శాతం. విమానానికి మాత్రం పన్ను ఎంతయినా 500 డాలర్లకు మించరాదని అక్కడి చట్టం. 2017కు ముందు ఆ పరిమితి 300 మాత్రమే. కోటి డాలర్ల విమానం మీద మామూలు లెక్కన 6 లక్షల డాలర్లు రావాలి, వచ్చేది 500. అదే రాష్ట్రంలో 10 వేల డాలర్ల పాత కారు కొన్న కూలివాడూ 5 శాతం లెక్కన కట్టేది 500 డాలర్లే. కమిటీ పెద్దలలో వర్తకులున్నారు. లెక్కలు మాకన్న వారికే బాగా వచ్చు. ఈ లెక్క ఎక్కడ పొసగుతుందో వారే చెప్పాలి.

మిసిసిప్పీ సంగతి మరీ నొప్పించేది. బియ్యం, రొట్టె, పాలు వంటి తిండి సరుకుల మీద అక్కడ 7 శాతం పన్ను దశాబ్దాల పాటు సాగి, 2025 జూలైలో 5 శాతానికి తగ్గింది. విమానం మీద 3 శాతం. అమెరికాలోని మిగిలిన రాష్ట్రాలలో చాలా వరకు తిండి సరుకులకు పన్ను లేదు. దేశంలోకెల్ల పేద రాష్ట్రాలలో ఒకటైన ఇక్కడ ఉన్నది. ఆ రాష్ట్రంలో ఒక పనిమనిషి కొనే రొట్టెకు పడే రేటు, ఆమె యజమాని కొనే విమానానికి పడే రేటు కంటె నేటికీ ఎక్కువే.

ఈ రాయితీలు ఇచ్చేవారి వాదన వినకుండా తీర్పు చెప్పడం తగదు. న్యూయార్కు రాష్ట్రం 2015 సెప్టెంబరు నుండి సొంత విమానాల అమ్మకంపై పన్ను ఎత్తివేసింది. అంతకు ముందే పొరుగున మాసచూసెట్స్ మినహాయింపు ఇచ్చి ఉండడంతో, న్యూయార్కు ధనికుల విమానాలు అక్కడి షెడ్డులలో చేరాయని ఫిర్యాదు. విమానం పోతే దానిని బాగుచేసే మెకానిక్కూ, పెట్రోలు పోసేవాడూ, షెడ్డు ఊడ్చేవాడూ పని పోగొట్టుకొంటారన్నారు. ఈ మాటలో నిజం లేదని మేము అనము. చిన్న ఊరి విమానాశ్రయంలో పది ఉద్యోగాలు పోవడం చిన్న విషయం కాదు. కాని ఆ పది ఉద్యోగాలు ఎక్కడికి పోయాయి? పక్క రాష్ట్రానికే కదా. రేపు పక్క రాష్ట్రం ఇంకొంత తగ్గిస్తే అటు నుండి ఇటు వస్తాయి. దేశం మొత్తం మీద మెకానిక్కుల సంఖ్య పెరుగదు. పెరిగేదల్లా విమానం కొనేవాని మిగులే. బడులకూ రోడ్లకూ కావలసిన సొమ్మును ఆ మేరకు సబ్బుబిళ్ల కొనేవాని దగ్గర వసూలు చేస్తారు.

మినహాయింపులే ఉండరాదని మా వాదం కాదు. చేలకు మందు చల్లే విమానానికీ, రోగిని ఆసుపత్రికి చేర్చే విమానానికీ, పైలటు చదువు నేర్పే రెండు సీట్ల విమానానికీ పన్ను తగ్గించవచ్చును. అక్కడ ప్రభుత్వం చూచేది చేసే పనిని. ధర పెరిగినకొద్దీ పన్ను శాతం తగ్గే మినహాయింపును మాత్రం ఏ వాదంతోనూ మేము సమర్థించలేము. తగిన పని ఏమంటే, రాష్ట్రాలన్నీ కూర్చొని విమానాలకు ఒక కనీసపు రేటు నిర్ణయించుకొనడం. తలుపులు తెరచి ఉంచిన ఆ అయిదు రాష్ట్రాలు ఒప్పుకొనకపోయినా నష్టం లేదు. విమానం నిలిచే రాష్ట్రం వాడకం పన్ను వసూలు చేసుకొనడానికి 1937 తీర్పు ఉండనే ఉన్నది.

ఈ విషయంలో మన దేశం 2017లో జి.ఎస్.టి. తెచ్చి కొంత మేలు చేసుకొన్నది. సొంత వాడకపు విమానానికి దేశమంతటా ఒకే రేటు. 28 శాతం, దానిపై 3 శాతం సెస్సు ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం చేశారు. విమాన సర్వీసుల విమానాలకు 5 శాతమే. పాండిచ్చేరిలో కొన్నా హైదరాబాదులో కొన్నా తేడా లేదు. ప్రవేశపు పన్నులకు కాలం చెల్లింది.

ఒక్క చోట మాత్రం పాత వాసన పోలేదు. విమానంలో పోసే ఇంధనాన్ని జి.ఎస్.టి.కి బయటనే ఉంచారు. ఏ రాష్ట్రం ఎంత పన్ను వేయాలన్నది ఆ రాష్ట్రం ఇష్టం. కొన్ని రాష్ట్రాలలో అది అయిదు శాతం లోపు, మరికొన్నింటిలో ఇరవై శాతానికి పైన. అందువల్ల పన్ను తక్కువ ఉన్న ఊరిలో దిగిన విమానం, తన ప్రయాణానికి కావలసినదాని కంటె ఎక్కువ నూనె నింపుకొని బయలుదేరుతుంది. ఆ అదనపు బరువును మోయడానికి మరికొంత నూనెను దారి పొడవునా కాలుస్తుంది. ఇక్కడ ఏ రాష్ట్రమూ బాగుపడలేదు. శంషాబాదు నుండి గాని గన్నవరం నుండి గాని టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ఆ పొగ ఖరీదును కూడ తన టిక్కెట్టులో కట్టుకొంటున్నాడు. రాబడి పోతుందన్న రాష్ట్రాల భయం అబద్ధం కాదు. దానికి పరిహారం లెక్కగట్టి, ఈ ఇంధనాన్ని కూడ ఆ ఒకే పద్దులో చేర్చవలసిందని జి.ఎస్.టి. కౌన్సిలును కోరవలసిన వేళ మించిపోతున్నది.