ఇంట్లో గన్ ఉంటే తాళం ఎవరికి వెయ్యాలి?

టెక్సాస్‌లో గన్ కొనడానికి పట్టే టైమ్ కంటే దాన్ని పెట్టుకునే పెట్టె ఎంచుకోవడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. పట్టాలి కూడా. డల్లాస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో గన్ ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో బర్త్‌డే పార్టీకి వెళ్తే, ఇళ్ల రేట్లు, గ్రీన్‌కార్డు కబుర్ల మధ్యలో "ఏ మోడల్ తీసుకున్నావ్?" అన్న మాట వినిపిస్తోంది. మోడల్ గురించి అరగంట చెప్పే మనిషిని "ఇంట్లో ఎక్కడ పెట్టావ్ బాస్?" అని అడిగి చూడండి. "పైన క్లోజెట్‌లో, బట్టల వెనకాల" అంటాడు. ఈ వారం నా గోల అంతా ఆ బట్టల వెనకాల గురించే.

ముందుగా ఒక హెచ్చరిక. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి. మీ రూమ్మేట్ సిటిజన్ అయి, గన్ అతనిదే అయినా, దాని సేఫ్ కోడ్ మాత్రం మీరు తెలుసుకోకండి. కోడ్ తెలిస్తే గన్ మీ చేతికి అందుబాటులో ఉన్నట్టేనని ఎవరైనా వాదిస్తే, వీసా మీద ఉన్న మనిషికి ఆ తలనొప్పి అవసరమా?

ఇక అసలు విషయం. మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, ఇక్కడ గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. సిటిజన్‌షిప్ వచ్చాక పిస్టల్ కొంటానన్నాడు. వదిన వద్దనలేదు గానీ ఒక షరతు పెట్టింది: "ముందు పెట్టె ఇంట్లోకి రావాలి, తర్వాతే గన్." వాళ్లకి ఇద్దరు పిల్లలు. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి నాలుగు. అన్నయ్య నాకు ఫోన్ చేసి "ఏరా, నువ్వు అన్నిటికీ యూట్యూబ్ చూస్తావుగా, నాతో రా" అన్నాడు. అలా రెండు వీకెండ్లు షాపుల చుట్టూ తిరిగాం.

షాపులో సేల్స్‌మన్ మాట్లాడేదంతా దొంగ గురించే. ఎంత మందం స్టీలు, ఎన్ని బోల్టులు, ఐదు చేతుల హ్యాండిల్ ఎంత స్టైల్‌గా తిరుగుతుందో చూపిస్తాడు. కానీ ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, ఇక్కడ ఆ మాట కొంచెం మార్చుకోవాలి. మన పెట్టె ఆపాల్సింది బయటి దొంగ కంటే ముందు లోపలి మనిషిని. నాలుగేళ్ల పిల్ల కుర్చీ లాక్కుని పైకెక్కుతుంది. తొమ్మిదేళ్లవాడు ఫ్రెండ్స్‌కి చూపిద్దామనుకుంటాడు. ఈ లెక్కతో చూస్తే సగం షాపు మనకి అక్కర్లేదు.

టెక్సాస్ చట్టం కూడా ఇదే వైపు చూస్తుంది. ఇక్కడ సేఫ్ కొని తీరాలన్న రూల్ లేదు. మసాచుసెట్స్‌లో అయితే తాళం తప్పనిసరి. కానీ టెక్సాస్‌లో కూడా, లోడ్ చేసిన గన్ నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందితే అది నేరమే. ఆ పిల్లల చేతిలో అది పేలి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా కేసు ఇంకా పెద్దదవుతుంది. లైసెన్స్ ఉన్న డీలర్ పిస్టల్ అమ్మేటప్పుడు ఏదో ఒక సేఫ్టీ లాక్ కూడా ఇవ్వాలి, అది ఫెడరల్ రూల్. చాలాసార్లు అది గన్‌లోంచి దూర్చి వేసే ఒక కేబుల్ తాళం. చాలా ఇళ్లలో ఆ తాళం కవర్ కూడా విప్పకుండా డ్రాయర్‌లో పడి ఉంటుందని నా అనుమానం.

స్టీలు సంగతి త్వరగా చెప్పేస్తా. గేజ్ నంబరు తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. 14 గేజ్ అంటే సుమారు 1.9 మిల్లీమీటర్లు, 12 గేజ్ 2.7, 10 గేజ్ 3.4. యూఎల్ అనే టెస్టింగ్ సంస్థ ఇచ్చే 'రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్' లేబుల్ ఉంటే మంచిది. మామూలు చేతి పనిముట్లతో ఒక మనిషి 5 నిమిషాలు ప్రయత్నించినా తెరుచుకోకూడదు, అదీ దాని మొదటి లెవెల్ పరీక్ష. అవును, ఐదే నిమిషాలు. 'సేఫ్' అనే పేరు చూసి బ్యాంకు లాకర్‌ని ఊహించుకోకండి, చాలావరకు అవి మన ఇనప బీరువాకి అన్నదమ్ములు. ఫైర్ రేటింగ్ అంకెలు కొన్ని కంపెనీలు సొంత టెస్టుతోనే వేసుకుంటాయి. ఒక్క పిస్టల్ కోసం వాటి వెంట పడక్కర్లేదు.

తాళం దగ్గర మాత్రం ఆగాలి.

తాళంచెవితో తెరిచే పెట్టె అన్నిటికంటే చవక. బీరువా తాళాలు మన ఇళ్లలో ఎక్కడుంటాయో గుర్తు చేసుకోండి. దిండు కింద, పోపుల డబ్బాలో, దేవుడి గూట్లో, బీరువా నెత్తి మీద. ఇంట్లో పెద్దవాళ్లు అది పరమ రహస్యం అనుకుంటారు, పిల్లలకి మాత్రం మూడో ఏటి నుంచే తెలుసు. తాళంచెవి పద్ధతిలో గోల అంతా అదే, పెట్టె ఎంత గట్టిదైనా చెవి ఎక్కడో ఒక చోట ఉండాలి కదా.

తర్వాత పాత సినిమాల్లో కనిపించే గుండ్రటి డయల్. మొదటి నంబరుకి ఎడమవైపు నాలుగుసార్లు, రెండో దానికి కుడివైపు మూడుసార్లు, మూడో దానికి మళ్లీ ఎడమవైపు రెండుసార్లు తిప్పి, చివర కుడివైపు ఆగేదాకా తిప్పాలి. చాలా డయల్ తాళాలది ఇదే వరస. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, దశాబ్దాలు పనిచేస్తుంది. అన్నయ్య షాపులో ప్రయత్నించి నాలుగోసారికి తెరిచాడు. "దొంగొస్తే వాణ్ని కాసేపు కూర్చోమని చెప్పాలి" అన్నాడు. తాతల నాటి రైఫిల్ దాచుకునేవాళ్లకి, ఏడాదికి రెండుసార్లు తెరిచేవాళ్లకి మాత్రం నేను డయలే చెప్తాను.

వేలిముద్ర తాళం అన్నయ్యకి బాగా నచ్చింది. ఫోన్ తెరిచినట్టే వేలు పెడితే చాలు. నాకు అస్సలు నచ్చలేదు. రేషన్ షాపు దగ్గర వేలిముద్ర పడక వెనక్కొచ్చిన ముసలివాళ్లని చూసినవాడిని. గిన్నెలు తోమి అరిగిన వేళ్లు, చలికాలం పగిలిన చర్మం, చేతి తడి, అన్నీ సెన్సర్‌కి ఇబ్బందే. తెరుచుకోకపోవడం ఒక సమస్య, అందరికీ తెరుచుకోవడం ఇంకా పెద్ద సమస్య. 2023 అక్టోబర్‌లో ఫోర్ట్రెస్ సేఫ్ అనే కంపెనీ దాదాపు 61,000 వేలిముద్ర సేఫ్‌లని వెనక్కి పిలిచింది. కారణం వింటే కడుపులో తిప్పుతుంది. ఓనర్ తన వేలిముద్ర ఎక్కించేశాననుకుంటాడు. పెట్టె మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మోడ్‌లోనే ఉండిపోయి ఏ వేలు పెట్టినా తెరుచుకుంటుంది. అలాంటి సేఫ్‌లోంచి తీసిన గన్‌తో పన్నెండేళ్ల పిల్లాడు చనిపోయాడని ఒక దావా కూడా పడింది. 2024 ఫిబ్రవరిలో ఇలాంటి సమస్యతోనే మరికొన్ని బ్రాండ్లు రీకాల్ అయ్యాయి. మీ ఇంట్లో ఇప్పటికే వేలిముద్ర సేఫ్ ఉంటే ఈ ఆర్టికల్ పక్కన పెట్టి, ఎక్కించని వేలు ఒకటి పెట్టి చూడండి. ఇంట్లో మిగతావాళ్ల వేళ్లతో కూడా. తర్వాత కంపెనీ పేరు, మోడల్ నంబరుతో సీపీఎస్‌సీ రీకాల్ లిస్టులో వెతకండి.

మిగిలింది నంబర్ల కీప్యాడ్. "కరెంటు పోతే ఎలా?" అన్నది వదిన మొదటి ప్రశ్న. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో చీకట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు. ఈ తాళాలు బ్యాటరీ మీద నడుస్తాయి, చాలావాటికి మామూలు 9 వోల్టుల బ్యాటరీ. మంచి తాళాల్లో దాన్ని బయట నుంచే మార్చుకోవచ్చు, బ్యాటరీ తీసినా కోడ్ పోదు. ఆరు అంకెల కోడ్ అంటే పది లక్షల అవకాశాలు. కొన్నిసార్లు వరసగా తప్పు నొక్కితే తాళం కొద్ది నిమిషాలు మొరాయిస్తుంది. పిల్లల విషయంలో ఈ మొరాయింపే పెద్ద లాభం.

అలాగని కీప్యాడ్లు అన్నీ పతివ్రతలు కావు. మరీ చవక పెట్టెల్లో లోపలి గొళ్లెం ఎంత బలహీనమంటే, పెట్టెని ఎత్తి కింద పడేస్తే తెరుచుకున్నవి ఉన్నాయి. 2012లోనే ఒక తాళాల నిపుణుడు, మూడేళ్ల పిల్లాడు అలాంటి పెట్టెలు తెరిచేయడం వీడియో తీసి చూపించాడు. ఖరీదైనవాటి కథ వేరు. 2023లో లిబర్టీ సేఫ్ కంపెనీ, సెర్చ్ వారెంట్ పట్టుకొచ్చిన ఎఫ్‌బీఐకి ఒక కస్టమర్ సేఫ్ కోడ్ ఇచ్చింది. తమ పెట్టెకి కంపెనీ దగ్గర ఇంకో కోడ్ ఉంటుందని చాలామంది ఓనర్లకి తెలిసింది అప్పుడే. ఆ గొడవ తర్వాత, కావాలంటే మీ కోడ్ మా రికార్డుల్లోంచి తీసేస్తాం అంది కంపెనీ. 2025 ఆగస్టులో లాస్ వెగాస్ డెఫ్ కాన్‌లో ఇద్దరు పరిశోధకులు సెక్యూరామ్ ప్రోలాజిక్ ఎలక్ట్రానిక్ తాళాలని తెరిచి చూపించారు. మరి కీప్యాడ్ వద్దా అంటే, కాదు. మా ఇంటి లెక్కలో ఎదురుగా ఉన్నది హ్యాకర్ కాదు, కుర్చీ లాక్కునే నాలుగేళ్ల పిల్ల. ఆ పిల్లకి మంచి కీప్యాడ్ చాలు.

అయితే ఆ పిల్లకి వాళ్లమ్మ ఫోన్ పిన్ తెలుసు! ఎవరూ చెప్పలేదు, పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. అందుకే ఫోన్ పిన్, పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంటి నంబరు, కారు నంబరు సేఫ్‌కి పనికిరావు. కోడ్ నొక్కేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదు. ఒకే నాలుగు బటన్ల మీద జిడ్డు మరక కనిపిస్తుంటే తుడిచెయ్యాలి. కీప్యాడ్ పెట్టెతో పాటు రెండు అత్యవసర తాళంచెవులు కూడా వస్తాయి. వాటిని అదే బెడ్‌రూమ్ డ్రాయర్‌లో పెడితే మళ్లీ పోపుల డబ్బా కథే. అన్నయ్య ఒకటి గ్యాస్ స్టేషన్ క్యాష్ లాకర్‌లో పెట్టాడు, ఇంకొకటి నా దగ్గరుంది.

అసలు గొడవ తాళం దగ్గర కాదు, బుల్లెట్ల దగ్గర వచ్చింది. లోడ్ చేసి మంచం పక్కన పెట్టుకోకపోతే కొనడం ఎందుకన్నది అన్నయ్య వాదన. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది మాత్రం స్పష్టం: ఇంట్లో గన్ ఉంటే అన్‌లోడ్ చేసి తాళం వెయ్యాలి, బుల్లెట్లు వేరుగా తాళం వెయ్యాలి. వదిన ఆ పేజీ ఫోన్‌లో తీసి చూపించింది. "అర్ధరాత్రి రెండు తాళాలు తియ్యాలా?" అన్నాడు. "అర్ధరాత్రి దొంగ వచ్చింది ఎన్నిసార్లు? పిల్లలు ఈ గదిలోకి వచ్చేది రోజుకి ఎన్నిసార్లు?" అంది వదిన. అన్నయ్య దగ్గర జవాబు లేదు. మొహం మాడ్చుకునే ఒప్పుకున్నాడు, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదని నా లెక్క.

ఇంకో మాట ఉంది, పార్టీల్లో ఎవరూ మాట్లాడరు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. లేఆఫ్, అప్పు, విడాకులు, ఏదో ఒక చెడ్డ నెల ఎవరికైనా వస్తుంది. అలాంటప్పుడు కోడ్ తెలిసిన మనిషే ప్రమాదంలో ఉంటాడు, తాళం ఆపలేదు. ఆ రోజుల్లో కోడ్ మార్చి ఇంట్లో ఇంకొకరు దగ్గర పెట్టుకోవాలి. లేదా గన్‌ని కొన్నాళ్లు ఇంటి బయట దాచాలి, కొన్నిచోట్ల గన్ షాపులు, పోలీసు స్టేషన్లు ఇందుకు ఒప్పుకుంటాయి. ఇండియాలో ఎన్నికలప్పుడు లైసెన్స్ గన్‌లు స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడం మనకి తెలిసిందే, కొన్నాళ్లు ఇవ్వడం నామోషీ ఏమీ కాదు. మాట్లాడాలనిపిస్తే అమెరికాలో 988, ఇండియాలో టెలిమానస్ 14416. రెండూ ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి.

చివరికి కొన్నది ఫ్రిజ్ అంత పెద్ద సేఫ్ కాదు. ఆరంకెల కీప్యాడ్ ఉన్న మందపాటి చిన్న పెట్టె ఒకటి, బుల్లెట్లకి ఇంకోటి. చిన్న పెట్టెతో చిక్కేంటంటే పెట్టెకి పెట్టే చంకలో పెట్టుకుపోవచ్చు. అందుకని బోల్టులు వేసి బిగించాలి. డల్లాస్ వైపు ఇళ్లకి బేస్‌మెంట్లు అరుదు, కింద కాంక్రీట్ స్లాబ్. చాలా ఇళ్లలో ఆ స్లాబ్ లోపల బాగా లాగి బిగించిన స్టీలు కేబుళ్లు ఉంటాయి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ అంటారు, గ్యారేజ్ నేల మీద ముద్ర వేసి ఉంటుంది చూడండి. డ్రిల్ దానికి తగిలితే పెద్ద ప్రమాదం. మేము నేల జోలికి పోకుండా క్లోజెట్ గోడ లోపలి చెక్క దూలాలకి బిగించాం. అద్దె అపార్ట్‌మెంట్ అయితే గోడకి రంధ్రం పెట్టే ముందు లీజింగ్ ఆఫీసుని అడగండి. ఒప్పుకోకపోతే స్టీలు కేబుల్‌తో బరువైన మంచం ఫ్రేముకి కట్టే పెట్టెలు ఉన్నాయి.

బిగించాక ఫ్యాక్టరీ కోడ్ మార్చాం. ఇది తలుపు తెరిచి ఉంచే చెయ్యాలి. కొత్త కోడ్ పెట్టి, తలుపు మూయకుండానే మూడు నాలుగుసార్లు తాళం వేసి తీసి చూసుకోవాలి. లేదంటే పెట్టె మూశాక కోడ్ తప్పని తెలిస్తే లాక్‌స్మిత్‌ని పిలవాలి, బిల్లు పెట్టె ఖరీదంత ఉంటుంది. పాత కోడ్ కొట్టి చూస్తే తెరుచుకోలేదు. అప్పుడు వదిన అన్నయ్య వైపు తిరిగి, "ఇప్పుడు తెచ్చుకోండి మీ గన్" అంది.