గాలిమోటరుకు ఒక కొలత, గూడేనికి ఒక కొలతా?

నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్న తమ్ముళ్లారా, ఉప్పల్‌లో రూములు తీసుకొని చదువుకుంటున్న చెల్లెళ్లారా! పండుగకు ములుగు దిక్కు ఇంటికి పోవాలంటే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరే కదా మీరు బస్సెక్కేది. ఆ రోడ్డే 163వ నంబరు జాతీయ రహదారి. వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోతది.

ఇప్పుడు వరంగల్ పక్కన మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తున్నది. దాంతో ఏజెన్సీ దగ్గరైతదని చెప్తున్నరు. ఎవరికి దగ్గరైతది?

ఒక లెక్క చూడండి. శంషాబాద్ నుంచి మామునూరుకు గాలిలో గీత గీస్తే 150 కిలోమీటర్లలోపే. రోడ్డు మీద పోతే 170 దాటుతది. 2004 నాటి శంషాబాద్ ఒప్పందంలో ప్రభుత్వం గాలి దూరాన్నే పట్టుకున్నది. ఎయిర్‌పోర్టు తెరిచిన్నాటి నుంచి 25 ఏండ్లు, 150 కిలోమీటర్ల గాలి దూరం లోపల పోటీగా ఇంకోటి రావద్దని రాసుకున్నరు. నిజాం కాలం నాటి మామునూరు ఆ గీత లోపలే పడ్డది. చివరికి జీఎంఆర్ అభ్యంతరం లేదన్నది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకున్నది. 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది.

అంటే, కంపెనీ లాభం కోసం సర్కారు ఆకాశంలో కూడా టేపు పట్టి కొలుస్తది. అవసరమైతే ఆ గీతను తనే చెరిపేస్తది. మరి మన గూడెం నుంచి దవాఖానకు ఎంత దూరమో ఎవరు కొలిచిన్రు?

మ్యాపులో ఐదు కిలోమీటర్లే ఉంటది. జూలైలో వాగు పొంగితే ఆ ఐదు కిలోమీటర్లకే ఒక పూట పడతది. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను మంచం మీద మోసుకపోయేటోళ్లకు గంటలే లెక్క, కిలోమీటర్లు కావు.

రోడ్డు అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "అడవి, పర్మిషన్ లేదు." అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) తీసి చదవండి. బడి, దవాఖాన, రోడ్డు సహా 13 రకాల సౌకర్యాలకు, ఒక్కో పనికి హెక్టారు లోపు అడవి భూమి ఇయ్యొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు. గ్రామసభ సిఫారసు చేయాలె. మూడు మీటర్ల వెడల్పుతో మూడు కిలోమీటర్ల దారికి పట్టేది 9,000 చదరపు మీటర్లు. హెక్టారంటే 10,000. చట్టంలో దారి ఉన్నది. లేనిది ఆఫీసుల్లో మనసు.

"అయితే ఎయిర్‌పోర్టు వద్దంటవా?" అని అడుగుతరు. అది కాదు ముచ్చట. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ ఆరు కిలోమీటర్ల చిల్లర. 2018లో మొదలుపెట్టి ఏండ్లకేండ్లు సాగదీసిన్రు. ఆ పిల్లర్ల కింద దుమ్ము మింగినోళ్లు మీరే. రాజధాని అంచునే గిట్లుంటే, మామునూరులో విమానం దిగినంక ఏటూరునాగారం దాకా ఉన్న వంద కిలోమీటర్ల పైచిలుకు, ఆ తర్వాత గూడేనికి పోయే కాలిబాట, ఎవరికి యాదికుంటయి?

అందుకే ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. గూడెం నుంచి దవాఖానకు, బడికి, బస్సు ఆగే జాగకు నడిచి ఎంతసేపు పడతదో ఫోన్లో గడియారం పెట్టి రాయండి. ఎండకాలం ఎంత, వానకాలం ఎంత, ఏ వాగు ఎన్ని రోజులు ఆపుతదో పెద్దమనుషులను అడిగి పక్కన రాయండి. గ్రామసభ పెట్టించి సెక్షన్ 3(2) పేరుతోనే తీర్మానం రాయించండి. ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుంటే మనం అడిగినట్టే ఉండదు.

జల్, జంగల్, జమీన్ మనవే. దూరం కొలిచే టేపు కూడా మన చేతికి రావాలె.

జై ఆదివాసీ!