గ్రహణంనాటి వంకాయలు

ఈ వారం పేజీ అంతా ఒక్క ఉత్తరానికే ఇచ్చేస్తున్నాను. తక్కినవారు ఏమీ అనుకోకండి. ఊరగాయ బూజుపట్టడం, జుట్టు రాలడం ఒక వారం ఆగినా ఫరవాలేదు.

వ్రాసిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. తొలికాన్పులో పుట్టిన బాబుకు నడుము దగ్గర, వెన్నుమీద నీటిబుడగలాంటి వాపు ఉండేదట. పుట్టిన రెండోరోజునే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మూడేళ్ళవాడు. కబుర్లు బాగా చెబుతాడు గాని కాళ్ళలో బలం లేదు. "అయిదోనెలలో గ్రహణంనాడు మరిచిపోయి వంకాయలు తరిగాను. అందుకే ఇలా అయిందని అత్తయ్యగారంటారు. మళ్ళీ బిడ్డ కావాలని ఉంది, భయంగానూ ఉంది. ఈసారి గ్రహణానికి ఏం జాగ్రత్తలు తీసుకోమంటారు?" అని అడిగింది.

చూశారా, నేరం తనదేనని ఒప్పేసుకుని ప్రాయశ్చిత్తం మాత్రం అడుగుతోంది!

అమ్మాయీ, ముందు క్యాలెండరు చేతిలోకి తీసుకో.

బిడ్డ కడుపులో పడిన పద్ధెనిమిదోరోజు ప్రాంతంలో పిండం ఇంకా పల్చటి బిళ్ళలా ఉంటుంది. దాని వీపుమీద ఒక చార దళసరి అవుతుంది. ఆ చార అంచులు రెండూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, కలిసి గొట్టంలా అతుక్కుంటాయి. కజ్జికాయ మడిచి అంచులు నొక్కుతాం చూడు, అలాగన్నమాట. అయితే ఇక్కడ అతుకు ఒక కొసనుంచి మొదలుకాదు. మెడ రావలసిన చోట 22వ రోజు ప్రాంతంలో మొదలై అటు తలవైపుకూ, ఇటు నడుమువైపుకూ సాగుతుంది. పై కొస 25వ రోజు ప్రాంతంలోనూ, కింది కొస 28వ రోజుకు అటూ ఇటూగానూ మూసుకుంటాయి. అప్పటికి పిండం బియ్యపుగింజకంటే పెద్దది కాదు.

ఈ గొట్టం పైభాగం ఉబ్బి మెదడవుతుంది. మిగిలింది వెన్నుపాము. దాని చుట్టూ వెన్నుపూసలు ఏర్పడి వెనకనుంచి కప్పుతాయి. గొట్టం తెరిచి ఉండిపోయినచోట పూసల రెండు పక్కలూ కలుసుకోలేవు. మీ బాబుకు జరిగింది అదే. డాక్టర్లు దాన్ని స్పైనా బైఫిడా అంటారు. పై కొస మూసుకోకపోతే మెదడూ, పుర్రె పైకప్పూ సరిగా ఏర్పడవు. ఆ బిడ్డ దక్కదు.

28వ రోజంటే ముట్టు తేదీ దాటి రెండువారాలు. వేవిళ్ళు సరిగా మొదలైనా కావు. అనుమానం వచ్చి, మొగుడి చెవిన వేద్దామా వద్దా అని తటపటాయించే రోజులు. మీ బాబు వెన్ను సంగతి అప్పుడే తేలిపోయింది. అయిదోనెలలో నువ్వు కత్తిపీట ముందు కూర్చునేసరికి అది జరిగి రెండున్నర నెలల పైమాటే. ఆ వంకాయలు ఏం చేయగలవు?

మరి దేనివల్ల? ఒక్క కారణం చెప్పడం కష్టం. కొంత వంశంలో ఉంటుంది. అదుపులో లేని చక్కెరజబ్బు, మూర్ఛకు వాడే కొన్ని మందులు కూడా కారణమవుతాయి. అన్నిటికంటే మన చేతిలో ఉన్నది మాత్రం ఫోలిక్ ఆమ్లమనే విటమిను. దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అది 1945 నాటి మాట. అప్పుడు వారి దృష్టి రక్తహీనత మీద. ఈ వెన్ను సంగతి తెలియకుండానే 1948లో ఆయన పోయారు.

అది రుజువైంది 1991లో. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాలలో, అచ్చం నీలాగే ఒకసారి ఇలాంటి బిడ్డను కన్న స్త్రీలను పరీక్షించింది. 1195 కాన్పుల ఫలితం తెలిసేసరికి ఫోలిక్ ఆమ్లం వేసుకున్న సగంమందిలో 6 బిడ్డలకు, వేసుకోని సగంమందిలో 21 బిడ్డలకు ఈ లోపం కనిపించింది. ఇంక దాచి ఉంచడం న్యాయం కాదని పరీక్షను ముందుగానే ఆపేశారు.

ఆ ఆరుగురినీ మరిచిపోకండి. మందు వేసుకున్నా వచ్చింది. కనుక వంకాయను వదిలి, "మాత్ర మింగలేదు, అందుకే" అని కొత్తపాట ఎత్తుకోవద్దని ఇంట్లోవారికి నా మనవి. ఈ పిల్లకు ముందుగా ఎవరు చెప్పారు గనుక!

ఇక జాగ్రత్తలు. మామూలుగా అయితే బిడ్డ కావాలనుకున్న నెల ముందునుంచీ, మూడోనెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. నీకు చాలదు. ఆ పరీక్షలో ఇచ్చింది అంతకు పదిరెట్లు, అంటే 4 మిల్లీగ్రాములు. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరు వ్రాసివ్వాలి. నెల తప్పాక వెళదామనుకోకు, ఇప్పుడే వెళ్ళు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు బాగా తిను. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబొయ్యకు. అయితే మాత్ర పని కూరతో సరిపోదు సుమా. అయిదోనెల స్కానింగు తప్పకుండా చేయించుకో.

బాబు మాడు చాలాకాలం మెత్తగా ఉండేదనీ, అదీ ఇందులో భాగమేనా అనీ అడిగావు. కాదు. పుర్రె ఎముకలు కాన్పులో ఒకదానిమీదకొకటి జరగాలి, ఆ తరువాత పెరిగే మెదడుకు చోటివ్వాలి. అందుకే అతుక్కోకుండా ఉంటాయి. మాడు పూడడానికి ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. మా అమ్మమ్మ ఆముదం పెట్టి తట్టి నేనే పూడ్చానని చెప్పుకునేది. పాపం, పెట్టనివాళ్ళకూ పూడేది.

అత్తగారు ఈ పేజీ చదువుతారని వ్రాశావు. మనవడి కాళ్ళకు పొద్దున్నా సాయంత్రం వ్యాయామం చేయించేది ఆవిడేననీ వ్రాశావు. అలాంటావిడ లెక్క చెబితే వింటారనే నా నమ్మకం. డాక్టరు దగ్గరకు ఆవిడనూ తీసుకువెళ్ళు. బాబు ఆపరేషన్ కాగితాలు మరిచిపోకు.