కొలవవలసినది ఛాతీని, కోరికను కాదు

"తాతగారూ, 300 సీసీలు మంచిదా, 400 మంచిదా?" అని ఆ మధ్య చుట్టాలమ్మాయి ఒకతె ఫోనులో అడిగింది. స్తన పరిమాణం పెంచే శస్త్రచికిత్స గురించి. తన స్నేహితురాలి కోసమని చెప్పింది. క్లినిక్కువారు ఫొటోలు ముందుపెట్టి, నచ్చినది ఎంచుకొమ్మన్నారట, దుకాణంలో చీరలు పరచినట్లు! ఇది వైద్యం కాదు, వ్యాపారం.

సీసీ అనేది ఘనపరిమాణం మాత్రమే. అదే 300 సీసీల ఇంప్లాంటు విశాలమైన ఛాతీపై ఒకలా, సన్నని ఛాతీపై మరొకలా కనబడుతుంది. బ్రా కప్పు అక్షరాలు కూడా కంపెనీకొక తీరు. కనుక మొదట కొలవవలసినది స్తనపు అడుగు వెడల్పు, సెంటీమీటర్లలో. ఇంప్లాంటు వెడల్పు సాధారణంగా దానిని మించరాదు. తరువాత చర్మం సాగే గుణం, పైన కప్పి ఉండే కణజాలపు మందం పరీక్షించాలి. స్తనం పైభాగాన్ని వేళ్లతో పట్టి చూసినప్పుడు మందం 2 సెంటీమీటర్లలోపు ఉంటే, సాధారణంగా ఇంప్లాంటును కండరం కింద అమర్చడమే మేలు.

ఈ హద్దు దాటితే కణజాలం పలచబడుతుంది, అంచులు చేతికి తగులుతాయి, ముడతలు పైకి కనబడతాయి, బరువుకు స్తనం జారుతుంది. తరువాత తీసివేసినా పూర్వస్థితి పూర్తిగా రాదు.

"నా దేహం, నా ఇష్టం" అంటారా? నిస్సందేహంగా మీ ఇష్టమే. స్త్రీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని సత్యం దాచి తీసుకున్న అంగీకారం అంగీకారమే కాదు. ఇంప్లాంటు జీవితకాలపు వస్తువు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మరో ఆపరేషను అవసరమయ్యే అవకాశం పెరుగుతుంది. అరుదైన ఒక లింఫోమా క్యాన్సరుతో సంబంధం ఉన్నందున కొన్ని గరుకు ఉపరితలపు ఇంప్లాంట్లను 2019లో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించారు. సిలికాన్ ఇంప్లాంటు ఏ లక్షణమూ లేకుండానే చిరగవచ్చు. అందుకే 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆపై ప్రతి 2, 3 ఏళ్లకు అల్ట్రాసౌండు గాని ఎమ్మారై గాని చేయించుకోవాలని అమెరికా ఎఫ్‌డీఏ సూచిస్తోంది. ఈ ఖర్చు ఏ ప్రకటనలోనైనా చూశారా?

కనుక అమ్మలారా, సర్జనును మూడు ప్రశ్నలు అడగండి. నా స్తనపు వెడల్పు ఎంత? ఈ పరిమాణమే ఎందుకు? రేపు చిక్కు వస్తే బాధ్యత ఎవరిది? టేపు తీయకుండా ఫొటోలు తీసేవారి ఎదుట కూర్చోవద్దు. లేచి వచ్చేయండి.