హాస్యనటి గిరిజ - మనం తీర్చని ఋణం

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదని మనలో ఒక సామెత ఉన్నది. ఏడ్చే మగవాని సంగతి అటుంచి, నవ్వే స్త్రీకి ఈ సామెత చేసిన అన్యాయాన్ని విచారించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం. నవ్వే స్త్రీనే నమ్మని సమాజం, పదిమందిని నవ్వించడమే వృత్తిగా స్వీకరించిన స్త్రీని ఎట్లా చూసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

నవరసాలలో హాస్యానికి మన లాక్షణికులు శృంగారం తరువాతి స్థానం ఇచ్చారు. అయితే ఆ రసపోషణ భారాన్ని మాత్రం పురుషునికే అప్పగించారు. సంస్కృత రూపకాలలోని విదూషకుడు పురుషుడే. తెలుగు రంగస్థలంపై చాలాకాలం స్త్రీ పాత్రలను సైతం పురుషులే ధరించారు. సత్యభామ పాత్రకు ప్రాణం పోసిన స్థానం నరసింహారావు గారిని 1956లో పద్మశ్రీ వరించింది. కుటుంబాలతో సహా రంగమెక్కిన సురభి వారు, వారితోపాటు అక్కడక్కడ కొందరు సాహసవంతులైన నటీమణులు మాత్రమే ఆ తొలినాళ్ళలో స్త్రీ పాత్రను స్త్రీ చేతికి తెచ్చారు. అట్టి నటీమణులలో దాసరి రామతిలకం ఒకరు. నాటక రంగంలో పేరు గడించి, తొలినాటి టాకీలలోనూ ఆమె నటించారు. ఆమె కుమార్తెయే గిరిజ.

మన బెంజ్ సర్కిల్ వద్ద బస్సెక్కి బందరు దారిన పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు దాటి వెళితే కంకిపాడు వస్తుంది. గిరిజ జన్మించిన ఊరు అదే. ఆ ఊరి మీదుగా ప్రతిదినమూ మన కళాశాలకు వచ్చే విద్యార్థినీ విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఒకనాడు తరగతిలో ఆమె పేరు చెప్పి, ఎవరైనా విన్నారా అని అడిగాను. ఒక్క చేయి కూడా లేవలేదు. రేలంగి పేరు చెప్పగానే సగం తరగతి నవ్వింది. ఈ వ్యాసానికి బీజం అక్కడ పడింది.

గిరిజ తొలి చిత్రం 1950 నాటి 'పరమానందయ్య శిష్యులు'. దానికి దర్శకుడు ప్రసిద్ధ హాస్యనటుడైన కస్తూరి శివరావు కావడం గమనార్హం. మరుసటి సంవత్సరం వచ్చిన విజయా వారి 'పాతాళభైరవి'లో వరమిచ్చే దేవతగా దర్శనమిచ్చినది ఆమెయే. అట్టి గంభీరమూర్తి ఆ తరువాత హాస్యనాయికగా మారి, రేలంగి సరసన తెలుగు ప్రేక్షకులను దశాబ్దానికి పైగా నవ్వించారు. 'ఇల్లరికం', 'అప్పుచేసి పప్పుకూడు', 'జగదేకవీరుని కథ', 'రాముడు భీముడు' వంటి చిత్రాలు చూసినవారికి ఆమె చలాకీతనాన్ని గురించి వేరుగా చెప్పనవసరం లేదు.

ఆమె హాస్యంలో ఒక విశేషం ఉన్నది. వికృతవేషం వేసి నవ్వించలేదు. తన అందాన్ని చెరుపుకొని నవ్వించలేదు. బడాయికోరు ప్రియుని బండారాన్ని ఒక కొంటెచూపుతో, ఒక విసురు మాటతో బయటపెట్టి నవ్వించారు. బుర్రకథ విన్నవారికి ఈ విద్యలోని కష్టం తెలుస్తుంది. షేక్ నాజర్ అంతటి కథకునికైనా పక్కన హాస్యపు వంత సమయానికి అందుకొనకపోతే కథ రక్తి కట్టదు. చప్పట్లలో ఎక్కువ పాలు కథకునికే పోవచ్చు. కాని వంత తడబడిన రాత్రి కథ మొత్తం తడబడుతుంది. రేలంగి విసిరిన మాటను అందుకొని, దానికి పదును పెట్టి తిరిగి విసిరిన వంత గిరిజ.

రేలంగి గారిని 1970లో పద్మశ్రీతో గౌరవించారు. అది సర్వవిధాలా అర్హమైన సత్కారం. గిరిజకు అట్టి గౌరవం దక్కలేదు. 1970ల నాటికి రాజబాబు, రమాప్రభల జంట వచ్చింది. ప్రేక్షకుల చూపు అటు మరలింది. 1995లో గిరిజ కన్నుమూశారు. ఆమె కుమార్తె సలీమా 1986 నాటి మలయాళ చిత్రం 'నఖక్షతంగళ్'లో మూగపిల్లగా నటించి పేరు తెచ్చుకున్నారు. స్త్రీగా స్త్రీ పాత్రనే ధరించి, ఆపై నవ్వించిన నటికి మాత్రం మన జ్ఞాపకాలలో చోటు ఇరుకైపోయింది. ఇది ఒక వ్యక్తి చేసిన లోపం కాదు. మనందరి దృష్టిలోని లోపం.

ఆ లోపం మన ప్రాంగణంలోనూ లేదని చెప్పగలమా? వార్షికోత్సవ నాటికలో కన్నీరు కార్చే చెల్లెలి పాత్రకు విద్యార్థినులు ముందుకు వస్తారు. గయ్యాళి పొరుగింటావిడ పాత్ర అనగానే తలలు వంచుకుంటారు. చివరకు ఒక అబ్బాయి చీర కట్టి ఆ పాత్ర ధరిస్తాడు. "మా అమ్మాయి నవ్వులపాలవుతుందండీ" అని ఒక తండ్రి నాతో అన్నారు. ఆయన భయం నిర్హేతుకమని నేననను. స్త్రీ రూపాన్ని, శరీరాన్ని హేళన చేసే చౌకబారు హాస్యం మన చుట్టూ ఉన్నది. కాని నవ్వులపాలు కావడం వేరు, నవ్వించడం వేరు. మొదటిది ఇతరులు మనకు చేసేది. రెండవది మన బుద్ధిబలంతో మనం చేసేది. సభాకంపం లేకుండా, సమయం తప్పకుండా ఒక చమత్కారాన్ని పలకగలిగిన బాలిక రేపు న్యాయస్థానంలోనైనా, తరగతి గదిలోనైనా నోరు మెదపడానికి జంకదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే వార్షికోత్సవంలో విద్యార్థినులే వ్రాసి, విద్యార్థినులే నటించే హాస్యనాటిక ఒకటైనా ఉండాలి. ఉత్తమ నటి బహుమతితో సమానంగా ఉత్తమ హాస్యనటి బహుమతి కూడా ఏర్పరచాలి. దానికి గిరిజ పేరు పెడితే మరింత సముచితం. ఖర్చు స్వల్పం, ఫలం అనల్పం.

విద్యార్థినులారా! సామెతలు పెద్దలు చెప్పినవే. కాని వాటిని దిద్దుకొనే హక్కు పిన్నలకు ఉన్నది. ఈసారి ఆ గయ్యాళి పాత్రకు మీలో ఒక్కరు చేయెత్తండి. ముందు వరుసలో కూర్చుని మొదటగా నవ్వే బాధ్యత నాది.